ఆకాశంలో గామా మెరుపులు

వేసవి ఇంకా ముదరని రోజుల్లో, సికింద్రాబాదులో మేడ మీద పడుకునే వాళ్ళకు ఒక్కొక్కసారి ఒక వింత చుక్క కనబడుతుంది. కోడి కూసే వేళ. నేల మీద ఇంకా చీకటిగానే ఉంటుంది. ఆకాశంలో మాత్రం ఒకచోట తెల్లని బిందువు ఒకటి ధగధగ మెరుస్తూ ఉంటుంది. శుక్రుడేమో అనుకుంటాం. కాని శుక్రుడు ఉండవలసిన చోట అది లేదు. పైగా నక్షత్రాలన్నీ ఒక దారిన పోతుంటే అది వేరే దారిన మెల్లగా జరుగుతూ ఉంటుంది.

అది నక్షత్రమూ కాదు, గ్రహమూ కాదు. బెలూను! మనకింకా సూర్యోదయం కాలేదు గాని, 30, 40 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూనుకు అప్పుడే ఎండ తగిలింది. అందుకే ఆ మెరుపు.

సికింద్రాబాదు నుంచి మౌలాలీ గుట్ట దాటి ఇ.సి.ఐ.ఎల్. వైపు వెళ్తే టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ల కేంద్రం ఉంది. 1969లో అది అక్కడ స్థిరపడింది. కాగితం కన్నా పల్చని పాలిథిన్ పొరతో బెలూన్లను అక్కడే తయారు చేస్తారు. హైడ్రోజన్ వాయువు నింపి, అడుగున పరికరాల పెట్టె కట్టి, గాలి నిలకడగా ఉండే తెల్లవారుజామున వదులుతారు. పని పూర్తయ్యాక పెట్టె పారాచూటు సాయంతో నేలకు దిగుతుంది. అది ఏ వికారాబాదు పొలాల్లోనో పడితే ఊరంతా పోగవడం, మర్నాడు పత్రికల్లో ఫోటో రావడం మామూలే.

ఇంత శ్రమ ఎందుకు? నేల మీద కూర్చుని దుర్భిణితో చూస్తే సరిపోదా?

పది మీటర్ల నీటి అడుగున మనం

మన నెత్తి మీద ఉన్న గాలి అంతా కలిపి ఎంత బరువు ఉంటుందో తెలుసా? ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలోగ్రాము. అంటే, పది మీటర్ల లోతు నీటి కింద మనం కూర్చున్నట్లే లెక్క. మామూలు వెలుగుకు ఈ గాలి అద్దంలాంటిది, దాటి వచ్చేస్తుంది. ఎక్స్ కిరణాలకు, గామా కిరణాలకు మాత్రం ఇది మందపాటి గోడ. ఇవి కూడా వెలుగు జాతివే. కాని, శక్తిలో తేడా ఉంది. కాంతి చిన్న చిన్న కణాలుగా, అంటే ఫోటానులుగా వస్తుందని మీరు చదివే ఉంటారు. ఎర్రని కాంతి ఫోటాను ఒక్కొక్కదాని శక్తి సుమారు రెండు ఎలక్ట్రాన్ వోల్టులు. మనం ఈ వ్యాసంలో చెప్పుకోబోయే గామా ఫోటాను శక్తి దానికి యాభై వేల రెట్లు, లక్ష రెట్లు ఉంటుంది. అంత శక్తి కలది గాలిని దాటలేదా అని మీకు అనుమానం రావచ్చు. దారిలో ఏదో ఒక అణువులోని ఎలక్ట్రానుకు కొట్టుకుని ఆ శక్తిని పోగొట్టుకుంటుంది. పది మీటర్ల నీటిలో అలాంటి ఎలక్ట్రాన్లకు కొదవ ఏముంది? మన ప్రాణాలకు అది మంచిదే. ఖగోళ శాస్త్రజ్ఞులకే చిక్కు.

బెలూను 40 కిలోమీటర్లు ఎక్కితే, పైన మిగిలే గాలి మూడు సెంటీమీటర్ల నీటికి సమానం. గోడ కాస్తా తెర అయిపోతుంది. 1968 ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి ఎగిరిన ఒక బెలూను వృశ్చిక రాశిలో ఉన్న ఎక్స్ కిరణాల నక్షత్రాన్ని పరిశీలించింది. మన దేశంలో ఈ విద్యకు అది శ్రీకారం. హైదరాబాదునే ఎందుకు ఎంచుకున్నారంటే, ఇది భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. అంతరిక్షం నుంచి వచ్చే విద్యుదావేశ కణాలను ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం ఎక్కువగా పక్కకు తోసేస్తుంది. పరికరంలో అనవసరపు రొద తగ్గుతుంది.

బెలూనుకు ఒక లోపం ఉంది. అది గాలిలో ఉండేది కొద్ది గంటలు. ఫలానా నక్షత్రాన్ని చూడాలి అని ముందే అనుకుని వెళ్తే ఫరవాలేదు. చెప్పాపెట్టకుండా ఆకాశంలో ఏదో మూల మెరిసి, అర నిమిషంలో ఆరిపోయి, మళ్ళీ ఎన్నడూ రాని మెరుపును పట్టుకోవాలంటే? ఏళ్ళ తరబడి రెప్ప వేయకుండా కాపలా కాసే కన్ను కావాలి. గాలి పొరకు పైనే అది ఉండాలి.

బాంబుల కోసం వెతికితే

ఆ మెరుపులు ఉన్నాయన్న సంగతే మొదట ఎవరికీ తెలియదు. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒక ఒడంబడిక చేసుకున్నాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుబాంబులను పేల్చి పరీక్షించరాదన్నది దాని సారాంశం. సంతకం పెట్టారు సరే, అవతలివాడు చాటుగా పేలిస్తే? బాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి. వాటిని కనిపెట్టడానికి అమెరికా ‘వేలా’ అనే ఉపగ్రహాలను జంటలు జంటలుగా పైకి పంపింది.

1967 జూలై 2న వేలా ఉపగ్రహాలు ఒక గామా మెరుపును పట్టుకున్నాయి. అయితే దాని తీరు బాంబు తీరులా లేదు. తరువాత అలాంటివే మరికొన్ని నమోదైనాయి. ఒకే మెరుపు వేర్వేరు ఉపగ్రహాలకు ఏ క్షణాన చేరిందో పోల్చి చూస్తే, అవి భూమి నుంచీ రాలేదు, సూర్యుడి నుంచీ రాలేదు అని తేలింది. 1973లో క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే శాస్త్రజ్ఞులు 16 మెరుపుల వివరాలను ప్రచురించారు. దొంగ కోసం వేసిన వలలో వేరే చేప పడిందన్నమాట. గామా కిరణ విస్ఫోటనాలు అని వాటికి పేరు స్థిరపడింది.

అవి ఎంత దూరాన జరుగుతున్నాయి? ఈ ప్రశ్న పాతికేళ్ళు తేలలేదు. 1991లో కక్ష్యలోకి వెళ్ళిన కాంప్టన్ గామా కిరణ వేధశాల తొమ్మిదేళ్ళలో 2,704 విస్ఫోటనాలను లెక్కించింది. వాటి స్థానాలను ఆకాశ పటం మీద చుక్కలుగా పెడితే, అన్ని వైపులా సమానంగా చల్లినట్లు వచ్చాయి. మన పాలపుంత గుండ్రని బల్లపరుపు పళ్ళెంలా ఉంటుంది. ఆ మెరుపులు పాలపుంతలోని నక్షత్రాలవే అయితే పాలపుంత పట్టీ వెంట గుమిగూడాలి కదా! గుమిగూడలేదు. అయినా కొందరు ఒప్పుకోలేదు. 1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ‘బెప్పోశాక్స్’ ఉపగ్రహం ఒక విస్ఫోటనాన్ని పట్టి, అది ఆరిపోయిన తరువాత అదే చోట మిగిలి ఉన్న ఎక్స్ కిరణాల కాకను కూడా చూసింది. పొయ్యి ఆర్పినా నిప్పుల వేడి కాసేపు ఉంటుంది చూడండి, అలాంటిది. ఆ వేడి ఆనవాలు పట్టుకుని భూమి మీది దుర్భిణులు అటు తిరిగాయి. కొన్ని నెలల్లోనే మరొక విస్ఫోటనానికి దూరం కొలిచారు. వందల కోట్ల కాంతి సంవత్సరాలు!

అంత దూరం నుంచి ఇంత వెలుగా? లెక్క వేస్తే, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ళ జీవితమంతా వెదజల్లే శక్తి ఎంతో, ఇక్కడ కొన్ని సెకన్లలో బయటపడే శక్తి దాదాపు అంత. అది కూడా టార్చిలైటు వెలుగులా సన్నని ధారగా ఒక దిక్కుకే చిమ్ముతుందని అనుకుంటేనే. ఆ ధార మన వైపు తిరిగి ఉంటేనే మనకు కనబడుతుంది. తిరగనివి ఎన్నో!

విస్ఫోటనాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. రెండు సెకన్ల లోపు ముగిసేవి, అంతకు మించి సాగేవి. దీర్ఘమైనవి చాలావరకు సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం కుప్పకూలి కృష్ణబిలంగా మారేటప్పుడు వస్తాయి. పొట్టివి రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ ఢీకొన్నప్పుడు వస్తాయి. ఇది కూడా గీత గీసినట్లుండే విభజన కాదు. 2021 డిసెంబరు 11న వచ్చిన ఒక దీర్ఘ విస్ఫోటనం లక్షణాలన్నీ రెండో రకానివే. ప్రకృతికి మన పాఠ్యపుస్తకం చదివే అలవాటు లేదు.

శ్రీహరికోట నుంచి

మన దేశం ఈ వేటలోకి దిగింది పులికాట్ సరస్సు ఒడ్డు నుంచే. ‘స్రాస్’ అనే చిన్న ఉపగ్రహాల వరుసను శ్రీహరికోట నుంచి ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్లతో పంపాలనుకున్నారు. 1987లో ప్రయోగం విఫలమైంది. 1988లో రెండోది కూడా సముద్రం పాలైంది. 1992 మే నెలలో స్రాస్-సి కక్ష్య చేరింది గాని, అనుకున్నంత ఎత్తుకు వెళ్ళలేదు. రెండు నెలలు తిరక్కుండానే గాలి పొరలో పడి కాలిపోయింది. 1994 మే 4న పంపిన స్రాస్-సి2 మాత్రం 2001 దాకా తిరిగింది. అందులో గామా విస్ఫోటనాలను పట్టే పరికరం ఉంది. సీజియం అయొడైడ్ స్ఫటికం మీద గామా ఫోటాను పడితే చిన్న మిణుకు పుడుతుంది. ఆ మిణుకులను లెక్కపెట్టడమే దాని పని. పదుల సంఖ్యలో విస్ఫోటనాలను అది నమోదు చేసింది. నూరు కిలోల పైచిలుకు బరువున్న ఉపగ్రహానికి అది చిన్న పని కాదు.

2015 సెప్టెంబరు 28 ఉదయం పది గంటలకు పి.ఎస్.ఎల్.వి.-సి30 రాకెట్టు శ్రీహరికోట నుంచి లేచింది. అది మోసుకు వెళ్ళింది ఆస్ట్రోశాట్‌ను. ఒకటిన్నర టన్నుల బరువు, 650 కిలోమీటర్ల ఎత్తు. పూర్తిగా ఖగోళ పరిశోధన కోసమే మన దేశం నిర్మించిన మొదటి వేధశాల అది. అందులో ఉన్న పరికరాల్లో ఒకదాని పేరు సి.జడ్.టి. చిత్రకం. కాడ్మియం, జింక్, టెల్యూరియం కలిసిన స్ఫటికంతో చేసినది కనుక ఆ పేరు.

అక్టోబరు 6న ఆ పరికరాన్ని మొదటిసారి పనిలో పెట్టారు. అదే రోజు ఒక గామా విస్ఫోటనం జరిగింది! కొత్త ఇంట్లో దీపం పెట్టిన రోజునే చుట్టాలు దిగినట్లయింది. ఆ విస్ఫోటనానికి జి.ఆర్.బి. 151006ఎ అని పేరు. పేరు కష్టంగా ఉందని జడవకండి, అది తేదీయే. 15వ సంవత్సరం, 10వ నెల, 6వ రోజు. ఆ రోజు కనిపించిన మొదటిది కనుక చివర ‘ఎ’. అమెరికా వారి స్విఫ్ట్, ఫెర్మీ ఉపగ్రహాలు కూడా దాన్నే చూశాయి. అది మన శాస్త్రజ్ఞులకు పెద్ద వరం. కొత్త తక్కెడ తెచ్చినప్పుడు పాత తక్కెడలో తూచిన బెల్లాన్నే మళ్ళీ తూచి చూస్తాం కదా!

ఇందులో విశేషం ఏమిటంటే, ఆ సమయంలో పరికరం అటు చూడటమే లేదు. విస్ఫోటనం పరికరం చూపుకు 60 డిగ్రీలు పక్కగా జరిగింది.

స్ఫటికంలో ఏం జరుగుతుంది?

గామా కిరణాలను కటకంతో వంచలేం. అద్దంతో మళ్ళించలేం. అవి దూసుకుపోతాయి. అందుచేత ఈ పరికరం మీకు తెలిసిన దుర్భిణిలా ఉండదు. 16 అడ్డుగళ్ళు, 16 నిలువుగళ్ళు ఉన్న చిన్న పలకను ఊహించుకోండి. ఒక్కొక్క గడి రెండున్నర మిల్లీమీటర్లు. అలాంటి పలకలు 64. మొత్తం గళ్ళు 16,384. అన్నిటి వైశాల్యం కలిపితే 976 చదరపు సెంటీమీటర్లు. మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు పొడవును రెట్టింపు చేసి ఒక చదరం గీస్తే అంతకన్నా కొంచెం తక్కువ వస్తుంది.

ఫోటాను వచ్చి ఒక గడిలో పడిందనుకోండి. తన శక్తినంతా అక్కడి ఎలక్ట్రాన్లకు ఇచ్చేస్తుంది. ఒక్కొక్క ఎలక్ట్రానును విడిపించడానికి నాలుగున్నర ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు ఖర్చవుతుంది. ఫోటాను లక్ష ఎలక్ట్రాన్ వోల్టులదైతే, ఇంచుమించు 20 వేల ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. వాటిని పోగుచేసి విద్యుత్తుగా కొలిస్తే ఫోటాను శక్తి తెలుస్తుంది. ఏ గడి, ఏ సమయం, ఎంత శక్తి - ఈ మూడూ రాసుకోవడమే పరికరం చేసే పని. సమయాన్ని సెకనులో యాభై వేలో వంతు దాకా రాస్తుంది.

గళ్ళ పలకలకు పైన, కొంత ఎత్తులో, టాంటలమ్ లోహపు రేకు ఉంటుంది. ఆ రేకుకు ఒక పద్ధతిలో చిల్లులు ఉంటాయి. గామా కిరణాలు చిల్లుల గుండా వచ్చి కింది గళ్ళ మీద జల్లెడ నీడలాంటి నీడను వేస్తాయి. నీడ ఎటు జరిగిందో చూసి కిరణాలు ఎటు నుంచి వచ్చాయో చెప్పవచ్చు. సాయంత్రం ఎండలో దువ్వెనను గోడకు ఎదురుగా పట్టుకుని కొంచెం కదిపి చూడండి, సంగతి అర్థమవుతుంది. ఈ పద్ధతిలో ఆకాశంలో నాలుగున్నర డిగ్రీల ముక్క మాత్రమే కనబడుతుంది. చుట్టూ ఉన్న లోహపు గోడలు పక్కల నుంచి వచ్చే వాటిని ఆపేస్తాయి.

మరి 60 డిగ్రీల పక్కన జరిగింది ఎలా కనబడింది? ఫోటాను శక్తి లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే ఆ గోడలు దాన్ని ఆపలేవు. గోడలోంచి చొచ్చుకు వచ్చేస్తుంది! ముందు చూపుకు అడ్డంకి లేకుండా కట్టిన గోడలే, ఎక్కువ శక్తి దగ్గర అద్దాల్లా మారి, పరికరానికి చుట్టూ చూసే కళ్ళనిచ్చాయి. ఉపగ్రహంలోని మిగతా భాగాలు కొన్ని కిరణాలను ఆపుతాయి కనుక, వేర్వేరు గళ్ళలో లెక్కల తేడాను బట్టి దిక్కును కొన్ని డిగ్రీల తేడాతో చెప్పగలిగారు.

మెరుపా, వట్టి తుళ్ళింతా?

ఇప్పుడు అసలు కష్టం. అంతరిక్షంలో ఎప్పుడూ రొద ఉంటుంది. విస్ఫోటనం ఏదీ లేకపోయినా గళ్ళలో ఫోటానులు, కణాలు పడుతూనే ఉంటాయి. వాన కురిసేటప్పుడు ఆరుబయట పళ్ళెం పెట్టి, ప్రతి సెకనుకు పడే చినుకులను లెక్కపెట్టండి. వాన ఒకే తీరున పడుతున్నా ఒకసారి 9, ఒకసారి 13, ఇంకోసారి 7 వస్తాయి. సెకనుకు సగటున 400 పడుతున్నాయనుకుందాం. అందులో హెచ్చుతగ్గు సుమారు 400కు వర్గమూలం, అంటే 20 ఉంటుంది. కనుక 380, 420 వస్తే కంగారు పడనక్కర్లేదు. 460 వస్తే? ఇది సామాన్యంగా రాదు, వెయ్యింట ఒకసారి కన్నా కొంచెం ఎక్కువగా మాత్రమే వస్తుంది. ఇదేదో విస్ఫోటనమే అని సంబరపడతామా? తొందరపడకూడదు. రోజుకు 86,400 సెకన్లు. వెయ్యింట ఒకటి అన్నా, రోజుకు ఎనభైకి పైగా అలాంటి దొంగ మెరుపులు వస్తాయి! 520 వస్తే మాత్రం, ఏళ్ళు గడిచినా యాదృచ్ఛికంగా అలా జరుగుతుందో లేదో.

అది కూడా చాలదు. విశ్వకిరణం ఒకటి పరికరంలో పడితే ఒక్క క్షణంలో గళ్ళన్నీ వెలగవచ్చు. పరికరం నాలుగు మడులుగా ఉంది. ఒక్కొక్క మడికి వేరువేరు విద్యుత్ వలయం. నిజమైన మెరుపు నాలుగింటిలోనూ కనబడాలి. అడుగున కాపలాగా ఉన్న సీజియం అయొడైడ్ పలకలు కూడా దాన్ని చూడాలి. దక్షిణ అట్లాంటిక్ సముద్రం మీద కణాల గుంపు దట్టంగా ఉంటుంది, ఉపగ్రహం అటు వెళ్ళినప్పుడు పరికరాన్ని ఆపేస్తారు. ఇన్ని జల్లెడలు దాటినదే లెక్కలోకి వస్తుంది. అలా లెక్కలోకి వచ్చినవి 2022 నాటికి 500. 2023 నవంబరులో 600. అయిదేళ్ళు పనిచేస్తే చాలనుకుని పంపిన పరికరం ఎనిమిదేళ్ళకు ఇచ్చిన లెక్క ఇది.

లెక్కల పట్టీని కాలంతో గీస్తే మెరుపు రూపం వస్తుంది. ఏ రెండింటి రూపమూ ఒకటి కాదు. అయినా దాని నుంచి ఒక గట్టి సంగతి తెలుస్తుంది. వెలుగు సెకనులో వెయ్యో వంతులో పెరిగి తగ్గిందంటే, అది పుట్టిన చోటు సుమారు 300 కిలోమీటర్లకు మించదు. ఎందుకంటే కాంతి ఆ వ్యవధిలో అంతే దూరం పోగలదు. అంతకన్నా పెద్ద వస్తువు ఒక్కసారిగా ఆరి వెలగలేదు, ఒక కొసకు కబురు ఇంకో కొస నుంచి చేరనే చేరదు. ఇది తేలిక లెక్క. నిజానికి వెలుగు చిమ్మే ధార కాంతివేగానికి దగ్గరగా మన వైపు వస్తుంది కనుక ఈ లెక్కను కొంత సవరించాలి. అయినా సూర్యుడి జీవితకాలపు శక్తిని విదిల్చే ఆ మూల యంత్రం చాలా చిన్నదేనన్న మాట నిలుస్తుంది.

ఊపు ఏ దిక్కున?

ఆస్ట్రోశాట్‌కు ఇంకో విద్య కూడా వచ్చు. ఇది మిగతా వాటికి అంతగా రాదు. కిటికీ ఊచకు తాడు కట్టి ఊపండి. పైకీ కిందకీ ఊపవచ్చు, అటూ ఇటూ ఊపవచ్చు. కాంతి తరంగం కూడా అలాగే ఏదో ఒక తలంలో ఊగుతుంది. అన్ని ఫోటానులూ ఒకే తలంలో ఊగితే ఆ కాంతి ధ్రువణం చెందిందంటాం.

గామా ఫోటాను ఒక గడిలో ఎలక్ట్రానుకు తగిలి, శక్తిలో కొంత వదిలి, పక్క గడిలోకి గెంతవచ్చు. దీన్నే కాంప్టన్ పరిక్షేపణం అంటారు. తన ఊపుకు అడ్డంగా గెంతడం దానికి ఎక్కువ ఇష్టం. కనుక ఒకే క్షణంలో పక్కపక్క గళ్ళు వెలిగిన జంటలను ఏరి, ఎనిమిది దిక్కుల్లో ఏ దిక్కున ఎన్ని జంటలున్నాయో లెక్కపెడితే, ఊపు ఏ తలంలో ఉందో చెప్పవచ్చు. క్యారంబోర్డు మీద స్ట్రైకరు తగిలి కాయ ఎటు పోయిందో చూసి, దెబ్బ ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోమా, అలా. అయితే జంటలు తక్కువగా దొరుకుతాయి. 151006ఎ అంత కాంతివంతమైనది కాదు. ధ్రువణం ఉందేమో అన్న లీలామాత్రపు సూచన మాత్రమే దొరికింది. మన శాస్త్రజ్ఞులు ఆ మాటే రాశారు. ఉందని కొట్టి చెప్పలేదు.

ఆ తరువాత జరిగింది ఇంకా ముచ్చటైనది. మొదటి ఏడాది పట్టిన విస్ఫోటనాల్లో కాంతివంతమైన 11 తీసి చూస్తే, చాలావాటిలో ధ్రువణం బలంగా ఉన్నట్లు కనిపించింది. అంటే ఆ ధారలో అయస్కాంత క్షేత్రం ఒక క్రమంలో ఉండి ఉంటుంది. అయిదేళ్ళ విస్ఫోటనాలలో మరింత జాగ్రత్తగా 20 తీసి చూస్తే, బలమైన ధ్రువణం నాలుగో వంతుకే తేలింది! మొదటి మాట తప్పా? పూర్తిగా కాదు. 2016 ఆగస్టు 21 నాటి విస్ఫోటనాన్ని ముక్కలు ముక్కలుగా చూసినప్పుడు, ఊపు తలం మధ్యలో తిరిగిపోయిందని తెలిసింది. కాసేపు నిలువుగా, కాసేపు అడ్డంగా ఊగినవన్నీ ఒకే కుప్పగా పోస్తే ధ్రువణం లేనట్లే కనబడుతుంది కదా! ఇంకా ఎన్నిటిలో ఇలా జరుగుతున్నదో చెప్పడానికి మరిన్ని ఫోటానులు కావాలి.

తప్పుడు చుట్టరికం

ఇక ఆస్ట్రోశాట్ ఒక పెద్ద పొరపాటును ఎలా ఆపిందో చెప్పాలి. 2017 జనవరి 4న అమెరికాలోని లైగో పరికరాలకు గురుత్వ తరంగం ఒకటి తగిలింది. 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు కృష్ణబిలాలు కలిసిపోయాయి. అది ఆకాశంలో ఏ వైపు నుంచి వచ్చిందో లైగో కచ్చితంగా చెప్పలేదు, పెద్ద మేర చూపించి ఇందులో ఎక్కడో అంటుంది. లోకంలోని దుర్భిణులన్నీ ఆ మేరను గాలించాయి. 23 గంటలు గడిచాక హవాయి ద్వీపాల్లోని అట్లాస్ దుర్భిణి ఆ మేరలోనే, త్వరత్వరగా ఆరిపోతున్న ఒక కొత్త వెలుగును కనిపెట్టింది.

అందరి గుండెలూ ఒక్కసారి ఝల్లుమని ఉంటాయి. కృష్ణబిలాల జంట నుంచి వెలుగు రాదని కదా సిద్ధాంతం! వెలిగేందుకు వాటి దగ్గర పదార్థమే ఉండదు. ఈ వెలుగు వాటిదే అయితే సిద్ధాంతాన్ని తిరగరాయాలి.

ఆస్ట్రోశాట్ సమాచారాన్ని తీశారు. గురుత్వ తరంగం వచ్చిన క్షణంలో లైగో చూపిన మేరలో సగం దాని చూపులో ఉంది. గామా కిరణాల జాడే లేదు. అంతటితో ఆగకుండా తరువాతి గంటలన్నీ గాలించారు. జనవరి 5న, అట్లాస్ ఆ వెలుగును చూడటానికి కొద్ది గంటల ముందు, దీర్ఘ గామా విస్ఫోటనం ఒకటి లెక్కల పట్టీలో కనబడింది. ఇతర ఉపగ్రహాలు కూడా దాన్ని నమోదు చేశాయి.

అది వచ్చిన దిక్కు ఏది? ఇక్కడ ఒక పాత ఉపాయం పనికొస్తుంది. మౌలాలీలో మీరు, బేగంపేటలో మీ స్నేహితుడు గడియారాలు సరిచేసుకుని కూర్చున్నారు. మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు. ఎక్కడో చాలా దూరాన పెద్ద ఉరుము ఉరిమింది. ధ్వని 10 కిలోమీటర్లు పోవడానికి 29 సెకన్లు పడుతుంది. మీ ఇద్దరికీ ఒకేసారి వినిపిస్తే ఉరుము ఉత్తరాన గాని దక్షిణాన గాని ఉంది. మీకు 29 సెకన్ల ముందు వినిపిస్తే తూర్పున ఉంది. అందులో సగం తేడా వస్తే 60 డిగ్రీల కోణం. పదో తరగతి త్రికోణమితి చాలు. ఉపగ్రహాల విషయంలో ధ్వనికి బదులు కాంతి. కిలోమీటర్లకు బదులు లక్షల కిలోమీటర్లు. ఒక్కొక్క జంట ఆకాశం మీద ఒక వలయం గీస్తుంది. వలయాలు కోసుకున్న చోట దొంగ ఉంటాడు. ఆ చోటు అట్లాస్ చూసిన వెలుగుతో సరిపోయింది. ఆ వెలుగు ఆరిన తీరు, ఎక్స్ కిరణాల్లో, రేడియో తరంగాల్లో కనిపించిన తీరు, అన్నీ గామా విస్ఫోటనం తరువాత మిగిలే నిప్పుల వేడి తీరే.

అంటే, అది వేరే నక్షత్రం చావు. కృష్ణబిలాలతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆకాశంలో ఒకే వైపున, ఒక రోజు తేడాలో కనబడటం కాకతాళీయం. ఒక ఉపగ్రహం ఆ సమయంలో మేలుకుని ఉండకపోతే ఆ చుట్టరికాన్ని కాదనడానికి ఇంకెంత కాలం పట్టేదో.

అదే ఏడాది ఆగస్టు 17న మాత్రం మనకు అదృష్టం కలిసిరాలేదు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చింది. 1.7 సెకన్ల తరువాత ఒక పొట్టి గామా విస్ఫోటనాన్ని ఫెర్మీ పట్టుకుంది. ఈసారి చుట్టరికం నిజమైనదే. పొట్టి విస్ఫోటనాల పుట్టుక ఆ రోజున రుజువైంది. ఆస్ట్రోశాట్ దాన్ని చూడలేదు. పరికరం చెడిపోలేదు, పనిలోనే ఉంది. ఆ క్షణంలో మధ్యలో భూమి అడ్డం వచ్చింది. 650 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి ఆకాశంలో పదింట మూడు వంతులు ఎప్పుడూ భూమి చాటునే ఉంటాయి.

అందుకే మన శాస్త్రజ్ఞులు ‘దక్ష’ అనే పేరుతో జంట ఉపగ్రహాలను ప్రతిపాదించారు. రెండూ భూమికి చెరొక పక్కన తిరుగుతాయి. ఒకదానికి భూమి అడ్డు వచ్చిన ముక్క రెండోదానికి కనబడుతుంది.